తెగాల్సిన తాడు

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఊరి మీద గద్ద తిరుగుతుంటే ఎప్పుడైనా తలెత్తి చూశారా? రెక్క ఆడించదు. గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ పైకి పోతుంది. కాసేపటికి చుక్కంత అయిపోతుంది. కాగిన నేల మీంచి వేడిగాలి స్తంభంలా లేస్తుంది. గద్ద ఆ స్తంభాన్ని పట్టుకుని ఖర్చు లేకుండా పైకెక్కుతుంది. గ్లైడర్ చేసేదీ అదే. ఇంజన్ లేని విమానం అది. పొడుగాటి సన్నటి రెక్కలు, ఒకరో ఇద్దరో ముడుచుకుని కూర్చునే చోటు, అంతే. పైకి లేచే గాలి దొరికితే లేస్తుంది. దొరక్కపోతే మెల్లగా జారుకుంటూ దిగుతుంది. మంచి గ్లైడర్ ఒక కిలోమీటరు ఎత్తు నుంచి నలభై కిలోమీటర్ల దూరం దాకా జారగలదు.

మన దేశంలో పౌర విమానయాన శాఖ 1950ల నుంచి సొంతంగా గ్లైడర్లు రూపొందించింది. వాటి పేర్లు వింటే పంచాంగం తెరిచినట్టుంటుంది. అశ్విని, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. నక్షత్రాల పేర్లయితే పెట్టారు కాని, ఏ గ్లైడరూ తనంతట తాను నేల విడవలేదు. గద్దకూ దానికీ ఉన్న తేడా అదే. ఎవరో ఒకరు దాన్ని పైకి చేర్చి వదిలిపెట్టాలి.

అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది వించ్. మైదానం అవతలి కొసన ఇంజన్‌తో తిరిగే డ్రమ్ము ఉంటుంది. అది పొడుగాటి తీగను గబగబా చుట్టుకుంటుంటే, ఇవతలి కొసనున్న గ్లైడర్ గాలిపటంలా లేస్తుంది. పుణెలోని హడప్సర్ గ్లైడింగ్ సెంటర్‌లో ఈ పద్ధతే వాడారు. రెండోది ఏరోటో. చిన్న విమానం తోకకు తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను గ్లైడర్‌కు తగిలించి, రెండూ కలిసి ఎగరడం. 1927లో జర్మనీలో మొదలైన పద్ధతి ఇది. ఇవాళ అమెరికాలో, యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ప్రతి వారాంతం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. లాగే విమానాన్ని టగ్ అంటారు. ఓడరేవులో పెద్ద ఓడలను లాగే చిన్న పడవకు ఉన్న పేరే దీనికీ పెట్టారు.

ఈ రెండో పద్ధతిలో ఉన్న ప్రమాదాల గురించి ఈ పూట మాట్లాడతాను. తెగేదాకా లాగకూడదని మన పెద్దలు చెబుతారు. అన్నదమ్ముల పంపకాలకూ, మొగుడూ పెళ్లాల మాటామాటాకూ ఆ సామెత చక్కగా సరిపోతుంది. ఏరోటో దగ్గర మాత్రం అది సగమే నిజం. అక్కడ తాడు కొన్నిసార్లు తెగి తీరాలి. తెగాల్సినప్పుడు తెగకపోవడం, వదలాల్సినప్పుడు వదలకపోవడం వల్లే మనుషులు పోయారు.

ముందు ఆ మైదానంలోకి వెళదాం. పచ్చిక మీద టగ్ నిలబడి ఉంటుంది. చాలా క్లబ్బుల్లో అది పైపర్ పానీ అనే రకం. అమెరికాలో పంటల మీద పురుగుమందు చల్లడానికి తయారుచేసిన విమానం అది. మందు తొట్టి బరువు మోస్తూ తక్కువ వేగంలో పోగలదు కాబట్టి, గ్లైడర్లు లాగే పనికీ పనికొచ్చింది. దాని వెనక యాభై అరవై మీటర్ల తాడు, ఆ తాడు చివర గ్లైడర్. గ్లైడర్‌కు సాధారణంగా మధ్యలో ఒకే చక్రం కాబట్టి ఊరికే వదిలేస్తే ఒక రెక్క నేలకు ఆనుతుంది. అందుకని ఒక మనిషి రెక్క కొస పట్టుకుని నిలబడతాడు. టగ్ కదలగానే ఆయన కొన్ని అడుగులు పరిగెత్తి వదిలేస్తాడు. ఆపైన రెక్కలను సమంగా నిలబెట్టుకోవడం పైలట్ పని.

మొదటి గండం అక్కడే. ఆ మొదటి క్షణాల్లో వేగం చాలదు కాబట్టి రెక్కల మీది పలకలకు పట్టు ఉండదు. పక్కగాలి ఒక్క తోపు తోస్తే రెక్క వాలిపోతుంది. కొస గడ్డిలో చిక్కుకుందంటే గ్లైడర్ దాని చుట్టూ గిర్రున తిరుగుతుంది. టగ్ పైలట్‌కు ఇదేమీ తెలియదు. ఆయన చూపు ముందుకు, ఆయన చెయ్యి థ్రాటిల్ మీద. అందుకే గ్లైడర్ నేర్చుకునేవాళ్లకు మొదటిరోజు చెప్పే మాట ఒకటుంది. రెక్క వాలుతుంటే సరిదిద్దాలని చూడకు, తాడు వదిలెయ్. తాడు వదిలే పిడికి సాధారణంగా పసుపు రంగే వేస్తారు. ఎడమచేయి ఆ పసుపు పిడి దగ్గరే ఉండాలి.

అది గడిచిందనుకుందాం. తర్వాత జరిగేది చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. లాగే విమానం ఇంకా నేల మీద పరుగెడుతుండగానే, లాగించుకునే గ్లైడర్ ముందు గాలిలోకి లేస్తుంది. దానికి బరువు తక్కువ, రెక్క ఎక్కువ. అప్పుడు గ్లైడర్ పైలట్ నేలకు ఒక నిలువెత్తు పైన అలాగే ఆగి ఉండాలి. ఉత్సాహం ఆపుకోలేక ఇంకాస్త లేచాడా, తాడు టగ్ తోకను పైకెత్తుతుంది. తోక లేస్తే ముక్కు వంగుతుంది. ముక్కు ముందున్న ప్రొపెల్లర్ నేలకు తగులుతుంది.

ఏతం చూసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక కొస లేస్తే రెండో కొస దిగాల్సిందే. నేల మీద దాని ఫలితం ప్రొపెల్లర్ విరగడంతో పోవచ్చు. గాలిలో మూడు నాలుగు వందల అడుగుల ఎత్తులో అదే జరిగితే మనిషి పోతాడు. ఏరోటోలో అన్నిటికంటే భయపడాల్సిన ప్రమాదం ఇదే. ఇంగ్లిషువాళ్లు దీన్ని టగ్ అప్‌సెట్ అంటారు. మనం టగ్ తలకిందులవడం అనుకుందాం.

అదెలా జరుగుతుందో నిదానంగా చూద్దాం. టగ్, గ్లైడర్ గంటకు నూటపది, నూటపాతిక కిలోమీటర్ల వేగంతో పైకెక్కుతున్నాయి. గ్లైడర్ టగ్‌కు కొంచెం పైగా, దాని వెనకే పోతోంది. టగ్ రెక్కల వెనక గాలి సుడులు తిరుగుతుంటుంది కాబట్టి వాటిలో పడకుండా ఆ పైన ఉండటం చాలా దేశాల్లో రివాజు. ఆస్ట్రేలియావాళ్లు మాత్రం ఆ సుడులకు కిందుగా ఉండటం నేర్పుతారు. ఇప్పుడు ఏదో కారణం వల్ల గ్లైడర్ ఉండాల్సిన చోటుకంటే ఇంకా పైకి లేచింది. తాడు టగ్ తోకను పైకి లాగడం మొదలుపెట్టింది. టగ్ పైలట్ స్టిక్ వెనక్కి లాగి తోకను కిందికి దించాలని చూస్తాడు. కాని తోకపలకకు ఉన్న బలానికి హద్దుంది. అరవై మీటర్ల వెనకనుంచి నాలుగైదు వందల కిలోల గ్లైడర్ పైకి గుంజుతుంటే, స్టిక్ పొట్టకు ఆనినా ముక్కు లేవదు.

ఆ తర్వాత జరిగేది వడిసెలలో రాయి తిరిగినట్టుంటుంది. తాడు చివర పైకి వంపు తిరుగుతున్నకొద్దీ గ్లైడర్ వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే రెక్కలు ఇంకా పైకి ఎత్తుతాయి. ఇంకా ఎత్తితే ఇంకా వేగం. మొదటినుంచి చివరిదాకా రెండు మూడు సెకన్లు. నేను ఈ వాక్యం ముగించేలోపల టగ్ ముక్కు నిట్టనిలువుగా నేలను చూస్తుంటుంది. అప్పుడు తాడు తెగినా, ఎవరైనా వదిలినా, టగ్‌ను మళ్లీ దారిలో పెట్టడానికి కొన్ని వందల అడుగుల ఎత్తు కావాలి. ఆ ఎత్తు ఉంటే బతుకుతాడు. లేకపోతే లేదు. తప్పు వెనకనున్నవాడిది, ప్రాణం ముందున్నవాడిది. చాలాసార్లు గ్లైడర్ పైలట్ క్షేమంగా దిగి వస్తాడు.

మరి గ్లైడర్ పైలట్ అంత పైకి ఎందుకు పోనిస్తాడు? కావాలని ఎవరూ చేయరు. పైనున్న గాజుమూత గొళ్లెం సరిగ్గా పడదు. నేల విడిచాక అది టక్కున తెరుచుకుంటుంది. పైలట్ చేయి దాన్ని పట్టుకోవడానికి పోతుంది, కళ్లూ చేతి వెంటే పోతాయి. లేదా చక్రం లోపలికి మడవడానికి కిందికి చూస్తాడు. లేదా సీటు వెనక్కి జారుతుంది. లేదా వేడిగాలి స్తంభం గ్లైడర్‌ను ఒక్కసారిగా ఎగదోస్తుంది. కళ్లు తిప్పింది రెండే సెకన్లు. మళ్లీ తల ఎత్తి చూసేసరికి ఎదురుగా ఉండాల్సిన టగ్ కనిపించదు. తన ముక్కు కింద ఎక్కడో మరుగున పడింది. బస్సు డ్రైవర్ రెండు సెకన్లు పక్కకు చూసి బతికిపోయిన రోజులు చాలా ఉంటాయి. ఇక్కడ రోడ్డుకు తోడు తాడు కూడా ఉంది. ఆ తాడు కొసన ఇంకో మనిషున్నాడు.

తాడు ఎక్కడ తగిలించారన్నది కూడా ముఖ్యమే. గాలిపటానికి సూత్రం ఎక్కడ కట్టాలో సంక్రాంతికి మనవాళ్లు చేసే చర్చ మీకు గుర్తుండే ఉంటుంది. అంగుళం పైకి కడితే ఒకలా, కిందికి కడితే ఒకలా ఎగురుతుంది. గ్లైడర్‌కూ అంతే. దానికి రెండు చోట్ల కొక్కేలు ఉండొచ్చు. ముక్కు దగ్గరిది ఏరోటో కోసం. పొట్ట కింద, చక్రానికి దగ్గర్లో ఉన్నది వించ్ కోసం. ముక్కు కొక్కేనికి తాడు కడితే, గ్లైడర్ పైకి లేచిన కొద్దీ తాడే దాని ముక్కును కిందికి వంచుతుంది. తప్పు తనే కొంత సర్దుకుంటుంది. పొట్ట కొక్కేనికి కడితే ఆ సర్దుబాటు ఉండదు. గాలిపటంలా లేవడానికి పనికొచ్చే కొక్కెం కదా, అది గాలిపటంలాగే లేస్తుంది. తేలికపాటి గ్లైడర్, పొట్ట కొక్కెం, పొట్టి తాడు, అనుభవం చాలని పైలట్, అల్లకల్లోలమైన గాలి. ఈ అయిదూ ఒకచోట కలిసిన రోజున టగ్ పైలట్ భయపడటంలో తప్పులేదు.

బ్రిటన్‌లో ఇలాంటి ప్రమాదాల్లో టగ్ పైలట్లు చనిపోయిన తర్వాత, అక్కడి గ్లైడింగ్ సంఘంవాళ్లు చాలా ఎత్తుకు వెళ్లి కావాలనే ఈ స్థితిని సృష్టించి చూశారు. ఏం జరగబోతుందో ముందే తెలిసి, సిద్ధంగా కూర్చున్న ఆరితేరిన పైలట్లకు కూడా అది జరిగిన వేగం దిగ్భ్రమ కలిగించింది. ఇంకో సంగతీ బయటపడింది. టగ్ తోకకు ఉండే కొన్ని పాత తరహా కొక్కేలు, తాడు వెనక్కి లాగుతున్నప్పుడు చక్కగా విడిపోతాయి. అదే తాడు నిటారుగా పైకి లాగుతుంటే బిగుసుకుపోతాయి. అంటే అవసరం లేనప్పుడు వదులుతుంది, అవసరమైనప్పుడు వదలదు. పైగా టగ్ ముక్కు ఒక్కసారిగా వంగినప్పుడు పైలట్ సీట్లోంచి పైకి ఎగిరి పట్టీలకు వేలాడతాడు. వదిలే పిడి కింద నేలకు దగ్గరగా ఉంటే చేయి అందకపోవచ్చు. అందుకే తర్వాత కొక్కేల తీరు మార్చమన్నారు, పిడి చేతికి దగ్గరగా పెట్టమన్నారు. తాడును లోపలికి చుట్టుకునే చక్రం ఉన్న టగ్‌లలో తాడును నరికే కత్తి కూడా అమర్చారు.

ఇంత పరిశోధన తర్వాత తేలిన నియమం చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. టగ్ కనిపించకపోతే తాడు వదిలెయ్. వెతకొద్దు, సరిదిద్దొద్దు, ఇంకో క్షణం చూద్దామనుకోవద్దు. వదిలితే మహా అయితే పొలంలో దిగాల్సి వస్తుంది. వదలకపోతే ముందున్న మనిషి ఇంటికి వెళ్లడు.

ఇక తాడు సంగతి. తాడు ఎంత గట్టిదైతే అంత మంచిదని మనకనిపిస్తుంది. బావి చేంతాడుకైతే అది నిజం. ఇక్కడ కాదు. అమెరికా విమానయాన నిబంధన ప్రకారం తాడు బలం గ్లైడర్ గరిష్ఠ బరువులో 80 శాతానికి తగ్గకూడదు, రెండింతలకు మించకూడదు. 500 కిలోల గ్లైడర్ ఉందనుకోండి. తాడు 400 కిలోల లాగుడుకైనా ఆగాలి, 1000 కిలోల లోపల తెగాలి. తాడు అంతకంటే గట్టిదైతే దాని రెండు కొసలకూ బలహీనమైన లింకులు పెట్టాలి. యూరప్‌లో ఎక్కువగా వాడేవి చిన్న ఉక్కు పలకలు. ఎంత లాగుడుకు తెగుతుందో దాని రంగు చెబుతుంది. ఏ గ్లైడర్‌కు ఏ రంగు వాడాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఇందులో ఇంకో మెలిక చూడండి. గ్లైడర్ వైపు లింకు కంటే టగ్ వైపు లింకు కొంచెం గట్టిది. అంటే తెగితే గ్లైడర్ దగ్గరే తెగాలి, తాడు టగ్ వెంట పోవాలి. అలా కాక అరవై మీటర్ల తాడు గ్లైడర్ ముక్కుకు వేలాడుతూ ఉంటే, దిగేటప్పుడు ఏ చెట్టుకో కంచెకో చుట్టుకుని గ్లైడర్‌ను నేలకు కొడుతుంది. ఎంత ఆలోచిస్తే ఎక్కడ తెగాలో కూడా ముందే రాసిపెట్టగలరు!

ఆ లెక్క తప్పే చోట్లున్నాయి. గాలి కుదుపుల్లో గ్లైడర్ ముందుకు జరిగితే తాడు వదులై కుచ్చెళ్లలా వేలాడుతుంది. అది మళ్లీ బిగిసేటప్పుడు ఒక్క కుదుపు ఇస్తుంది. బండి ఎడ్లు ఒక్కసారి ఉరికితే పట్టెడ తెగినట్టు, ఆ కుదుపులో తాడు తెగుతుంది. పచ్చిక మీద, రాళ్ల మీద ఈడ్చుకుపోయి పోగులు లేచిన తాడైతే ముందే తెగుతుంది. అందుకే ప్రతి ఉదయం తాడును చేతిలోకి తీసుకుని ఆ కొసనుంచి ఈ కొసదాకా చూస్తారు.

అనుకోని చోట తెగితే ఏం చేయాలి? ఎత్తే సమాధానం చెబుతుంది. చాలా కింద తెగితే ఎదురుగా ఏ నేల ఉంటే ఆ నేల మీదే దిగాలి. వెనక్కి మైదానానికి తిరగాలన్న ఆశ చాలామందిని చంపింది. తిరుగుతూ వేగం పోగొట్టుకుంటే గ్లైడర్ గాలిలో ఆగదు, సుడి తిరిగి కూలుతుంది. అమెరికాలో శిక్షణ పొందే పైలట్ పైకెక్కుతూ రెండువందల అడుగులు దాటగానే ఆ సంఖ్య పైకి అంటాడు. ఆ గీత దాటాక తాడు తెగితేనే, గాలీ చోటూ అనుకూలిస్తే, వెనక్కి తిరగడం గురించి ఆలోచిస్తాడు. ఆ క్షణంలో నిర్ణయించుకోవాల్సిన పని లేకుండా, నేల మీదే నిర్ణయించుకుని వెళతాడన్నమాట.

టగ్, గ్లైడర్ మధ్య రేడియో ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా ఆ హడావుడిలో వినిపించకపోవచ్చు. అందుకే సైగలు పెట్టుకున్నారు. టగ్ రెక్కలు రెండు పక్కలకూ ఊపిందంటే, వెంటనే వదిలెయ్ అని అర్థం. టగ్ ఇంజన్‌కు ఏదో అయింది, ఇక నిన్ను మోయలేను అని చెప్పడం. టగ్ తన చుక్కానిని, అంటే తోక మీది నిలువు పలకను, అటూ ఇటూ ఆడించిందంటే వేరే అర్థం. నీ ఎయిర్‌బ్రేకులు తెరుచుకున్నాయి, చూసుకో అని. ఎయిర్‌బ్రేకులు దిగేటప్పుడు రెక్కల మీంచి లేచే పలకలు. బయల్దేరే ముందు వాటిని తాళం వేసినట్టు బిగించకపోతే పరుగులో తమంతట అవే లేస్తాయి. అప్పుడు రెండు విమానాలూ పైకెక్కలేవు. ఇక్కడే ఘోరం జరుగుతుంది. కంగారులో గ్లైడర్ పైలట్ చుక్కాని సైగను రెక్కల సైగ అనుకుంటాడు. తాడు వదిలేస్తాడు. ఎయిర్‌బ్రేకులు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి, ఎత్తు చాలదు, ఇప్పుడు లాగేవాడూ లేడు. రాయిలా దిగిపోతాడు. ఎయిర్‌బ్రేకుల నీలం రంగు పిడి ముందుకు తోయాల్సినవాడు పసుపు పిడి లాగాడు. ఆ రెండు సైగలనూ ఏటేటా మళ్లీ బడిపిల్లల్లా అప్పజెప్పించేది అందుకే.

మరి గ్లైడర్ వదలాలనుకున్నా కొక్కెం విడకపోతే? పక్కకు జరిగి టగ్ పైలట్‌కు కనిపించేచోట రెక్కలూపుతుంది. సంగతి అర్థమై టగ్ తన వైపునుంచి వదులుతుంది. అదీ పనిచేయకపోతే? చాలా అరుదు, కాని నేర్పుతారు. రెండూ తాడుతోనే కలిసి, గ్లైడర్ కిందుగా జరిగి, ఎయిర్‌బ్రేకులు కొద్దిగా తెరుచుకుని, మెల్లగా ఒకే మైదానంలో దిగుతాయి.

ఇదంతా పగటిపూట, తేటగాలిలో, సరదాకు ఎగిరేవాళ్ల సంగతి. ఇదే తాడును యుద్ధంలో రాత్రిపూట సముద్రాల మీదుగా వందల కిలోమీటర్లు లాగారు. రెండో ప్రపంచయుద్ధంలో గ్లైడర్లంటే సైనికులనూ జీపులనూ మోసే కొయ్య, రేకు, గుడ్డ పెట్టెలు. జర్మన్లు మెస్సర్‌ష్మిట్ 321 అనే మహాకాయ గ్లైడర్ చేశారు. దాన్ని లాగడానికి మూడు విమానాలను ఒకేసారి కట్టాల్సి వచ్చింది. అది ఎంత కష్టమైందంటే, చివరికి రెండు బాంబర్లను రెక్క దగ్గర అతికించి, అయిదో ఇంజన్ తగిలించి, ప్రత్యేకంగా ఒక టగ్‌ను తయారుచేశారు.

1942 నవంబర్ 19 రాత్రి స్కాట్లండ్ ఉత్తరపు కొస నుంచి రెండు హాలిఫాక్స్ బాంబర్లు బయల్దేరాయి. ఒక్కోదాని వెనక ఒక్కో హోర్సా గ్లైడర్. ఒక్కో గ్లైడర్‌లో ఇద్దరు పైలట్లు, 15 మంది సైనిక ఇంజనీర్లు. నార్వేలోని వేమోర్క్ దగ్గర జర్మన్లు అణు పరిశోధన కోసం వాడుకుంటున్న భారజల కర్మాగారాన్ని పేల్చడం వాళ్ల పని. దీని పేరు ఆపరేషన్ ఫ్రెష్‌మన్. మొదటి జంట మంచు కొండల మీదుగా వెళ్లి లక్ష్యం కనబడక వెనక్కి తిరిగింది. మేఘాల్లో తాడుకూ రెక్కలకూ మంచు పేరుకుంది. తాడు తెగింది. గ్లైడర్ కొండల్లో కూలింది. ఆ బాంబర్ ఒంటరిగా తిరిగి స్కాట్లండ్ చేరింది. రెండో జంటలో బాంబరే కొండను ఢీకొంది, అందులోని ఏడుగురూ పోయారు. దాని గ్లైడర్ కూడా అక్కడికి దగ్గర్లోనే కూలింది. గ్లైడర్లలో బతికి బయటపడ్డవాళ్లను జర్మన్లు పట్టుకుని చంపేశారు. అన్నీ కలిపి ఆ రాత్రి బయల్దేరినవాళ్లలో 41 మంది పోయారు. నాలుగు నెలలు తిరక్కుండా, 1943 ఫిబ్రవరి చివర్లో, పారాచూట్‌లతో దిగి మంచు మీద నడిచివెళ్లిన నార్వే యువకులు అదే కర్మాగారంలోని భారజల యంత్రాలను పేల్చారు. వాళ్ల వైపు ఒక్కరూ చనిపోలేదు.

వేమోర్క్ దారిలో తాడు తెగడం వల్ల పోయారు. 1943 జులై 9 రాత్రి సిసిలీ మీద మిత్రరాజ్యాలు చేసిన దాడిలో తాడును ముందుగా వదలడం వల్ల పోయారు. ఎదురుగాలి ఉధృతంగా ఉంది. కింద తీరం నుంచి ఫిరంగులు పేలుతున్నాయి. లాగే విమానాల పైలట్లలో చాలామందికి ఇలాంటి రాత్రి కొత్త. తీరం ఇంకా దూరం ఉండగానే గ్లైడర్లను వదిలేశారు. గ్లైడర్ ఎంత దూరం జారగలదో ఎత్తు నిర్ణయిస్తుంది, మనిషి కోరిక కాదు. 65 గ్లైడర్లు సముద్రంలో పడ్డాయి. దాదాపు 252 మంది మునిగిపోయారు.

అలాంటి మూడో ప్రయాణం మన నేల మీంచి బయల్దేరింది. 1944 మార్చి 5 సాయంత్రం, అస్సాంలోని లాలాఘాట్. బ్రిటిష్ జనరల్ వింగేట్ నాయకత్వంలోని చిండిట్ దళాలను బర్మాలో జపాన్ సైన్యం వెనక దించాలి. అమెరికన్ సి-47 విమానాలు ఒక్కోటీ రెండేసి వేకో గ్లైడర్లను లాగాయి. గ్లైడర్ పైలట్లలో ఒకడు జాకీ కూగన్. చాప్లిన్ తీసిన 'ది కిడ్' సినిమాలో చిరిగిన టోపీ పెట్టుకున్న పిల్లవాడు అతనే. గ్లైడర్లలో అనుమతించినదానికంటే ఎక్కువ బరువు నింపారు. కొండలు దాటడానికి ఎత్తు పోవాల్సి వచ్చింది. గాలి కుదుపుల్లో నైలాన్ తాళ్లు బిగిసి వదులై, వదులై బిగిసి తెగిపోయాయి. ఒక టగ్‌కు రెండు గ్లైడర్లు కట్టే పద్ధతిని ఆ రాత్రే మానుకున్నారు. అడవుల్లో అక్కడక్కడా కూలిన గ్లైడర్లను చూసి, అసలు దిగిన చోటు ఎక్కడో జపాన్‌వాళ్లు తికమకపడ్డారట. ఆ తికమక వల్ల దిగినవాళ్లకు మేలు జరిగింది. కూలినవాళ్లకు కాదు.

యుద్ధంలో చావు మామూలే కదా అని ఈ మూడింటినీ పక్కన పెట్టేయొచ్చు. కాని చూడండి, ఆ మూడు రాత్రుల్లో జరిగినవే ఆదివారం క్లబ్బు మైదానంలోనూ జరుగుతాయి. తాడు తెగడం, తప్పు చోట వదలడం, మోయగలిగినదానికంటే ఎక్కువ లాగడం. తేడా ఒక్కటే. ఆదివారం మైదానంలో ఆపమని చెప్పే హక్కు అందరికీ ఉంది. రెక్క కొస పట్టుకున్న పదహారేళ్ల కుర్రాడు చెయ్యెత్తి ఆపమంటే పెద్ద పైలట్ కూడా ఆగాల్సిందే.

ఒక్క మాట టగ్ పైలట్ గురించి. గ్లైడర్ పైలట్‌కు పేరు వస్తుంది, రికార్డులు వస్తాయి. 2018 సెప్టెంబర్‌లో అర్జెంటీనాలో పర్లాన్ అనే గ్లైడర్ 76 వేల అడుగులు దాటి ఎగిరింది. దాన్ని మొదట నలభై వేల అడుగుల పైకి మోసుకెళ్లిన టగ్ గురించి ఎంతమంది విన్నారు? మామూలు క్లబ్బుల్లో టగ్ పైలట్ రోజంతా ఎండలో ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. తన వెనక ఎవరున్నారో చిన్న అద్దంలో చూసుకుంటాడు. ఆయన ప్రాణం ఆ అద్దంలో కనిపించే మనిషి చేతిలో ఉంది. వదిలాక కూడా పని అయిపోదు. తోకకు తాడు వేలాడుతూనే దిగాలి. మైదానం చివర కరెంటు తీగలుంటే తన చక్రాలు వాటిని దాటితే చాలదు, కిందుగా ఊగుతున్న తాడు కొస కూడా దాటాలి. అలసిపోయిన సాయంత్రం ఇరవయ్యో ముప్ఫయ్యో సారి దిగుతున్నప్పుడు అది గుర్తుండాలి.

మళ్లీ మొదటి మైదానానికి వద్దాం. పొద్దున్నే గ్లైడర్‌ను బయటికి తోసుకొస్తారు. టగ్ ఇంకా స్టార్ట్ చేయలేదు. తాడు పచ్చిక మీద పడి ఉంది. దాన్ని తగిలించడానికి వచ్చిన మనిషి ముందు గ్లైడర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాడు. లోపలున్న పైలట్‌తో "తెరువు" అంటాడు. పైలట్ పసుపు పిడి లాగుతాడు, కొక్కెం నోరు తెరుచుకుంటుంది. "మూయి" అంటాడు. టక్కుమని మూసుకుంటుంది. తాడు చేత్తో బిగించి లాగి మళ్లీ "తెరువు" అంటాడు. తాడు చేతిలోంచి జారి గడ్డిలో పడుతుంది. అప్పుడు తలూపుతాడు.

విడిపోతుందని తేలాకే కడతాడు.